ప్లాన్ లేకుండా గుట్ట ఎక్కాలనిపిస్తే ఏం చేయాలి?

ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో భోజనాలయ్యాక నలుగురూ డాబా మీదికి చేరతారు. ఎదురుగా రాళ్ళ గుట్ట కనిపిస్తుంటుంది. "పైనుంచి సూర్యుడు మునిగేది మస్తు కనిపిస్తది, పా పోదాం" అంటాడొకడు. అరగంట తిరిగేసరికి అందరూ గుట్ట కింద ఉంటారు. ఒకరి కాళ్ళకు హవాయి చెప్పులు, ఇంకొకరి చేతిలో సగం తాగిన నీళ్ళ సీసా.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. మన చుట్టూ ఉన్నవి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ గుట్టలు. ఎన్నిటినో పిండి చేసి కంకరగా పోసేసినా ఇంకా కొన్ని మిగిలాయి. "చెప్పులతో ఎక్కొచ్చా అన్నా?", "ఐదింటికి మొదలుపెడితే సరిపోతుందా?", "నీళ్ళు ఎన్ని పట్టుకోవాలి?" అని అడిగేవాళ్ళకి విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇలా ఒక్కచోట రాస్తున్నా.

మొదలుపెట్టే ముందు నా సంగతి కొంచెం. కొన్నేళ్ళ క్రితం మేం ఐదుగురం ఇలాగే లేచి ఓ చిన్న గుట్ట ఎక్కాం. పావుగంటలో పైన ఉన్నాం. ఫోటోలు, కబుర్లు, పల్లీలు అయ్యాక "ఇటు దిగితే రోడ్డు దగ్గర" అని ఎవరో అంటే అటే బయల్దేరాం. సగం దిగాక మా కాళ్ళ ముందు బండ తెగిపోయింది. కింద పన్నెండు పదమూడు అడుగుల లోతు. వెనక్కి ఎక్కుదామంటే జారుకుంటూ వచ్చిన బండ అది, పట్టు దొరకదు. చీకటి పడింది. మా బావ చెప్పు పట్టీ అక్కడే తెగింది. ఒకావిడ దుపట్టాకున్న పిన్నీసు తీసి దాన్ని కింద గుచ్చితే ఎలాగో నిలిచింది. పావుగంటలో ఎక్కిన గుట్ట దిగడానికి రెండు గంటలు పట్టింది. ఎక్కేటప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. అందుకే ఈ రాసేదంతా దిగడాన్ని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నా.

కావలసినవి

ఇవన్నీ ఇంట్లోనో, దారిలో కిరాణా కొట్టులోనో దొరుకుతాయి. పది నిమిషాల పని.

- రబ్బరు అడుగున్న బూట్లు. కాలేజీకి వేసుకెళ్ళే మామూలు కాన్వాస్ బూట్లు చాలు. అడుగు గీతలు అరిగి నున్నగా అయిపోయి ఉంటే మాత్రం వద్దు.
- మనిషికి లీటరు నీళ్ళు. మార్చి దాటితే రెండు. "ఐదుగురికి ఒక పెద్ద సీసా" లెక్క పనికిరాదు, అది మోసేవాడు ఎప్పుడూ అందరికంటే ముందుంటాడు.
- రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, నాలుగు పల్లీ పట్టీలు.
- కనీసం రెండు ఫోన్లలో సగానికి పైగా ఛార్జింగ్. చిన్న టార్చ్ దొరికితే ఇంకా మంచిది.
- ఒక తువ్వాలు లేదా చున్నీ. తలకి, కట్టుకి, తేనెటీగలకి, అన్నిటికీ అదే.
- రెండు పిన్నీసులు. నవ్వకండి.
- చెత్త వేసుకోవడానికి ఒక కవర్.

రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కాబట్టి ఇవన్నీ వీపుకి తగిలించుకునే సంచిలో వెళ్ళాలి, క్యారీ బ్యాగ్‌లో కాదు. బిగుతు జీన్స్‌లో మోకాలు పైకి లేవదు, ట్రాక్ ప్యాంట్ ఉంటే మార్చుకోండి. గాజు సీసాలు, ముఖ్యంగా బీరు సీసాలు, ఇంట్లోనే వదిలేయండి. మన గుట్టల మీద గాజు పెంకులు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

1. ఏ గుట్టో తేల్చుకోండి

కనిపించిన ప్రతి గుట్టా ఎక్కేది కాదు. చుట్టూ ముళ్ళకంచె ఉన్నా, సైన్యం బోర్డు ఉన్నా, ఎవరిదో ప్రైవేటు స్థలం అని రాసి ఉన్నా అక్కడికి ఆ గుట్ట సంగతి వదిలేయండి. క్వారీ తవ్వి వదిలేసిన గుట్టల జోలికి అసలు పోవద్దు. అక్కడి అంచులు పేలుళ్ళకి పగుళ్ళిచ్చి ఉంటాయి. కింద గుంతలో నిలిచిన నీళ్ళు పచ్చగా, అందంగా కనిపిస్తాయి గానీ ఒడ్డున మెట్టు ఉండదు, దిగితే నిట్టనిలువునా లోతు. ఈతకు దిగి పిల్లలు పోయిన వార్త ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉంటాం.

మీ గుంపులో అలవాటు లేనివాళ్ళు ఉంటే మెట్లున్న గుట్టకి వెళ్ళండి. మౌలాలి గుట్ట మీద దర్గా ఉంది, కింద నుంచి పైదాకా మెట్లే. గోల్కొండలో బాలాహిస్సార్ దాకా ఎక్కినా గుట్ట ఎక్కినట్టే లెక్క. రోజంతా ఖాళీ ఉంటే సుమారు 50 కిలోమీటర్ల దూరంలో భువనగిరి. చుట్టూ ఉన్న నేల మీద 500 అడుగుల ఎత్తున లేచిన ఏకశిల అది. మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆ అమ్మాయి మొదట బండ ఎక్కడం నేర్చుకున్నది అక్కడే. కాబట్టి భువనగిరిని మరీ తేలిగ్గా తీసుకోవద్దు.

మెట్లు లేనిదే కావాలంటే ఊళ్ళో ఖాజాగూడ గుట్టలు ఉన్నాయి. గుడికి, దర్గాకి జనం వచ్చిపోతుంటారు కాబట్టి కాలిబాటలు కొంతవరకు తెలుస్తాయి. బాట వదిలి గుండ్ల మధ్యకి వెళితే మాత్రం ఏ గుట్టయినా ఒకటే.

2. గడియారం వెనక నుంచి లెక్కపెట్టండి

"ఐదింటికి మొదలుపెడితే సరిపోతుందా?" అనే ప్రశ్నకి జవాబు నెలని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో డిసెంబర్ మొదట్లో సాయంత్రం 5:40కే పొద్దు గుంకుతుంది. జూన్ చివర్లో 6:50 దాటాకే. తర్వాత ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు మసక వెలుతురు ఉంటుంది. ఆ పైన రాయికీ నీడకీ తేడా తెలియదు.

లెక్క ఇలా వేయండి. సూర్యాస్తమయానికి అరగంట ముందు పైనుంచి దిగడం మొదలు కావాలి. ఎక్కడానికి ఎంత పడుతుందనుకున్నారో దానికి సగం కలపండి. పైన కూర్చోవడానికి అరగంట. ఇవన్నీ తీసేస్తే కింద ఎప్పుడు బయల్దేరాలో తేలుతుంది. అప్పటికే టైమ్ దాటిపోతే సగం దాకా వెళ్ళి కూర్చోండి, సూర్యుడు అక్కణ్ణుంచీ కనిపిస్తాడు. లేదంటే మర్నాడు పొద్దున ఐదున్నరకి రండి. నన్నడిగితే అదే మంచిది. బండ చల్లగా ఉంటుంది, వెలుతురు పెరుగుతూ పోతుంది.

ఫోన్ చూసుకునే వీల్లేకపోతే ఒక చిట్కా. చెయ్యి బారుగా చాపి, అరచేయి మీవైపు తిప్పుకుని, నాలుగు వేళ్ళు అడ్డంగా నేల అంచు మీద ఆనించండి. సూర్యుడు చూపుడువేలి మీద కూర్చుంటే ఇంకా గంట ఉందని చాలామంది చెప్తారు. మన దగ్గర సూర్యుడు నిటారుగా దిగుతాడు కాబట్టి అది అరగంట పైచిలుకే. గంట ఉందనుకుంటే దెబ్బతింటారు.

3. ఇంటికి ఒక్క మెసేజ్

ఏ గుట్ట, ఎంతమంది, ఎన్నింటికి తిరిగొస్తారు, ఈ మూడు ముక్కలు చాలు. "అమ్మా, ఖాజాగూడ గుట్ట, నలుగురం, ఏడుకల్లా ఇంట్లో ఉంటాం." లైవ్ లొకేషన్ కూడా పెట్టేయండి. బండల మధ్య సిగ్నల్ పోతుంది, పైన వస్తుంది. కాబట్టి మెసేజ్ కిందే పంపండి.

4. బండని పరీక్షించండి

ఎక్కబోయే ముందు మూడు పరీక్షలు.

వేడి: అరచేయి బండ మీద ఆనించి ఐదు లెక్కపెట్టండి. ఆనించలేకపోతే ఇంకో గంట ఆగండి. ఏప్రిల్, మే నెలల్లో నాలుగింటికి గాలిలో వేడి కాస్త తగ్గినట్టు అనిపించినా బండ మాత్రం పెనంలాగే ఉంటుంది.

తడి: బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి. వాన నీళ్ళు పారే దారులవి, పాచి ఎండి నల్లబడ్డాయి. ఎండగా ఉన్నప్పుడు ఏమీ కాదు. చినుకు పడిందంటే సబ్బు రాసినట్టే. వాన వెలిశాక బండ తెల్లగా ఆరేదాకా ఆగాలి, చారలు అన్నిటికంటే ఆలస్యంగా ఆరతాయి.

డొల్ల: మన గ్రానైట్ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంది. పై పొర కొన్నిచోట్ల అప్పడంలా లేచి ఉంటుంది, చూస్తే తెలియదు. వేళ్ళ కణుపులతో కొట్టి చూడండి. గట్టి బండ అయితే వేళ్ళు నొప్పి పుడతాయి గానీ చప్పుడు ఉండదు. డొల్లగా ఉంటే ఖాళీ కుండ మీద కొట్టినట్టు "డబ్" అంటుంది. అలాంటి అంచు పట్టుకుని వేలాడకండి, దాని మీద ఎగరకండి.

5. ఎక్కడం

ఏటవాలు బండ మీద అందరూ చేసే తప్పు ఒకటే. భయానికి ముందుకి వంగి, బండని కావలించుకున్నట్టు పాకుతారు. అలా వంగితే బరువు పాదం మీంచి పోతుంది, బూటు జారుతుంది. నిటారుగా నిలబడండి. మడమ కిందికి దించి పాదం మొత్తం బండకి ఆనించండి. చిన్న చిన్న అడుగులు వేయండి. మొదటి నాలుగు అడుగులు నమ్మకం కుదరదు, ఐదో అడుగుకి కుదురుతుంది.

చేతులు వాడాల్సినంత నిటారుగా ఉన్నచోట రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు ఆనుకునే ఉండాలి. ఒకటి మాత్రమే కదలాలి. కన్ను చేరని సందులో చెయ్యి పెట్టకండి. పామో తేలో ఉండొచ్చు, పాత గాజు పెంకైనా ఉండొచ్చు. మొక్కని పట్టుకుని పైకి లాక్కోవద్దు. సీతాఫలం కొమ్మ చూడటానికి బలంగానే ఉంటుంది, వేరు మాత్రం బండ మీదున్న బెత్తెడు మట్టిలోనే.

బండల కంటే మోసం చేసేది మొరం. గ్రానైట్ చెదిరి గోధుమ రవ్వలా బండ మీద పరుచుకుని ఉంటుంది, దాని మీద కాలేస్తే గోళీల మీద నిలబడ్డట్టే. పక్కకి తిరగండి, లేదా బూటుతో ఊడ్చి అడుగేయండి.

బూట్లు లేకపోతే? చల్లటి, శుభ్రమైన బండ మీద హవాయి చెప్పుల కంటే ఉత్త పాదమే నయం. పాదం బండని పట్టుకుంటుంది, చెప్పు పాదం కింద తిరుగుతుంది. కానీ తుమ్మ ముళ్ళు, పల్లేరుకాయలు ఉన్న బాటలో ఉత్త కాళ్ళతో నడవలేరు. కాబట్టి చెప్పులతో వచ్చినవాళ్ళు మెట్ల దారి దాటి పోకపోవడమే మంచిది.

6. ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరగండి

దీన్ని ఎంత నొక్కి చెప్పినా తక్కువే. కింద నుంచి చూసిన గుట్ట వేరు, పైనుంచి చూసిన గుట్ట వేరు. ఎక్కేటప్పుడు "ఈ ఏనుగు లాంటి గుండు పక్కనుంచి తిరగాలి" అని గుర్తు పెట్టుకుంటారు. దిగేటప్పుడు ఆ గుండు వీపు కనిపిస్తుంది, అది ఏనుగులా ఉండదు, ఏదోలా ఉంటుంది.

అందుకని ఐదు నిమిషాలకోసారి ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారిని ఫోటో తీయండి. మీ ముఖాలు అక్కర్లేదు, దారి చాలు. దిగేటప్పుడు ఆ ఫోటోలని చివరి నుంచి మొదటికి తిప్పుకుంటూ రండి. మాకు ఆ రోజు ఫోన్‌లో అరవై ఫోటోలున్నాయి. అన్నీ మావే. దారి ఒక్కదాంట్లోనూ లేదు.

ఇంకో పరీక్ష. కష్టమైన చోటు ఏదైనా ఎక్కగానే, వెంటనే రెండడుగులు వెనక్కి దిగి చూడండి. దిగగలిగితే ముందుకెళ్ళండి. దిగలేకపోతే పైకి పోవద్దు, ఇంకో దారి వెతకండి. గుంపులో అందరికంటే భయస్తుడు దిగగలిగితేనే దిగగలిగినట్టు లెక్క.

7. పైన

నీళ్ళు సగం కంటే ఎక్కువ తాగకండి. గుండ్లని తోసి ఊపకండి. ఎన్నో ఏళ్ళుగా నిలబడ్డ గుండు మీ భుజానికి కదలదనుకుంటారు, చిన్నవి కదులుతాయి, కింద మనుషులుంటారు. అంచు మీద సెల్ఫీ తీసుకునేటప్పుడు వెనక్కి అడుగు వేయకండి, కూర్చుని తీసుకోండి.

బండల వంపు కింద నల్లగా, పెద్దగా, అర్ధచంద్రాకారంలో వేలాడే తేనెతుట్టె కనిపిస్తే గొంతు తగ్గించి పక్కకి వచ్చేయండి. పాటలు, సిగరెట్ పొగ, ఘాటు సెంటు, పైన డ్రోన్, ఏదైనా వాటిని రేపుతుంది. లేచాయా, చేతులతో కొట్టకండి, కొట్టినకొద్దీ ఇంకా వస్తాయి. తువ్వాలు తల మీంచి ముఖానికి కప్పుకుని, కాలు చూసుకుంటూ ఒకే దిక్కుకి వీలైనంత దూరం వెళ్ళండి. ముల్లుని గోరుతో వెంటనే గీకేయండి. ముఖం ఉబ్బినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం వద్దు, 108.

ఉరుము వినిపించిందంటే ఫోటోలు ఆపి దిగడమే. ఒంటరి చెట్టు కిందా, గుహ మూతిలోనూ నిలబడవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ పైకి రావద్దు.

8. దిగడం

ఎక్కిన దారిలోనే దిగండి. "ఇటు దగ్గర" అన్నవాడి మాట వినకండి. పైనుంచి చూస్తే బండ మెల్లగా వంగి నేలలో కలిసినట్టే కనిపిస్తుంది. వంపు అవతల తెగిపోయి ఉంటే ఆ తెగిన చోటు పైనుంచి కనిపించదు, దాని కింద ఉన్న నేలే కనిపిస్తుంది. మేం మోసపోయింది సరిగ్గా అక్కడే.

వరస: దారి బాగా గుర్తున్నవాళ్ళు ముందు, ధైర్యం ఉన్నవాళ్ళు ఆఖర్న, తడబడేవాళ్ళు మధ్యలో. ఒకరి నెత్తి మీద ఒకరు దిగకండి. రాయి జారితే "రాయి!" అని గట్టిగా అరవండి, సారీలు తర్వాత చెప్పుకోవచ్చు.

మోకాళ్ళు కొంచెం వంచి, పాదం మొత్తం ఆనిస్తూ దిగండి. నిటారుగా ఉంటే పక్కకి తిరిగి దిగండి. ఇంకా నిటారుగా ఉంటే బండ వైపు ముఖం పెట్టి, నిచ్చెన దిగినట్టు. కూర్చుని జరగడంలో సిగ్గేమీ లేదు, ప్యాంటు పోతే పోయింది. కానీ కూర్చుని జారేటప్పుడు ఎక్కడ ఆగుతారో కనిపిస్తుంటేనే జారండి. జారిన బండ మళ్ళీ ఎక్కలేరు.

చీకటి పడిపోతే పరుగులు వద్దు. ఆగి, నీళ్ళు తాగి, ఎన్ని ఫోన్లు బతికి ఉన్నాయో చూసుకోండి. ఒకదాన్ని స్విచాఫ్ చేసి దాచండి, అది ఫోన్ చేయడానికి. మిగతావి టార్చ్‌లు. ఒకరు నిలబడి వెలుతురు వేయాలి, ఇంకొకరు దిగాలి, తర్వాత మారాలి. దారి తెలియట్లేదా, తెగిన అంచు దగ్గరికి వచ్చారా, అక్కడే కూర్చుని 112కి ఫోన్ చేయండి. పరువు గురించి ఆలోచించేది కాసేపు ఆపండి.

కాలు మడతపడితే బూటు విప్పకండి, దిగేదాకా అదే పట్టు. తువ్వాలుతో బిగించి, ఇద్దరి భుజాల మీద మెల్లగా. "నరం పట్టింది, లాగితే పోతుంది" అంటూ కాలు తిప్పబోయేవాణ్ణి దూరంగా ఉంచండి. ప్రతి గుంపులోనూ ఒకడు ఉంటాడు. పాము కాటైతే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయొద్దు. ఆ మనిషిని నడిపించకుండా, కదిలించకుండా ఉంచి 108కి చెప్పండి.

9. కింద చూసుకోవలసినవి

తలలు లెక్కపెట్టండి. ఇంటికి "దిగాం" అని మెసేజ్ పెట్టండి, లేకపోతే ఎనిమిదింటికి మీ నాన్న బండి తీసి బయల్దేరతారు. బూట్లు విప్పి దులపండి, సాక్సుల్లో ముళ్ళు ఉంటాయి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీళ్ళు చాల్లేదని అర్థం, మిగిలిన ఓఆర్‌ఎస్ ఇప్పుడు కలుపుకోండి. కవర్‌లో మీ చెత్తతో పాటు పైన దొరికిన ఒకట్రెండు సీసాలు కూడా ఉంటే ఇంకా మంచిది.

ఇదంతా చదివి "మాకు తెలిసినవాళ్ళతో వెళితేనే బాగుంటుంది" అనిపిస్తే, 1996 నుంచి మన బండల కోసం పోరాడుతున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు రాక్ వాక్‌లు పెడుతుంటారు, ఒకసారి వాళ్ళతో నడిచి రండి.

మర్నాడు పొద్దున తొడలు పట్టేసి మెట్లు దిగడం కష్టంగా ఉంటుంది. ఎక్కడం బాగానే ఉంటుంది, దిగేటప్పుడే నొప్పి. కొద్ది రోజుల్లో పోతుంది. మూడో రోజుకీ మోకాలి కీలు నొప్పి తగ్గకపోయినా, వాపు ఉన్నా డాక్టర్‌కి చూపించండి. అన్నట్టు, మా బావ చెప్పుకి గుచ్చిన ఆ పిన్నీసు ఇప్పటికీ నా సంచి జేబులోనే ఉంది.